బెల్లానికి తోడు

“కుందేలుకి తోడేటి, ఇడ్డూరం కాకపోతే,” అంది తవిటమ్మ. మూడు రోజులుగా ఆ ఇంట్లో నలుగుతున్న మాటే అది. “మేతేసినామా, నీల్లు పెట్టినామా, అంతే. ఒక్కటే ఉంటే సచ్చిపోతాదని ఎవులు సెప్పినారే నీకు?”

భారతి ఎండు నెత్తళ్ళ చేపల్లోంచి ఇసుక జల్లిస్తూ చెప్పిందే మళ్ళీ చెప్పింది. పొందూరులో ఉండే అక్క పద్మకుమారి ఈ కుందేళ్ళని బుట్టలో పెట్టి తెచ్చిన రోజే, రెండింటినీ ఎప్పుడూ విడదీయొద్దని చెప్పి వెళ్ళింది. అవి ఒకే ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్ళు. తెల్లదానికి పత్తి అనీ, గోధుమరంగుదానికి బెల్లం అనీ భారతి కూతురు అనూరాధ పేర్లు పెట్టుకుంది. పది రోజుల కిందట తెల్లవారేసరికి పత్తి గూట్లో కాళ్ళు చాపి బిగుసుకుపోయి ఉంది. ఒంటిమీద గాయం లేదు, చుట్టుపక్కల పాము జాడ లేదు. ఆ రోజు నుంచి బెల్లం గూటి మూలకు మొహం పెట్టుకుని కూర్చుంటోంది. వేసిన తోటకూరలో చాలావరకు వేసినట్టే వాడిపోతోంది.

“ఇంకోదాన్ని తేవాల అత్తా. నీకు తెల్దు.”

“నాకు తెల్దా. నీ మావ పోయినప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. ఈడు సంకలో ఉన్నాడు. నాకెవులు తెచ్చినారు ఇంకోడిని? ఒక్కదాన్నే బతకనేదా?”

నడవలో వల బాగుచేసుకుంటున్న అప్పలసూరి తల్లి మాటకి నవ్వబోయి ఆగిపోయాడు. భారతి చేతిలో జల్లెడ ఆగింది. తవిటమ్మే నాలిక కరుచుకుంది. వేటకి పోయే రోజులు దగ్గరపడ్డాక సముద్రంలో పోయినవాళ్ళ ఊసు ఇంట్లో ఎత్తకూడదు. తిరిగి రాకపోవడమనే మాట ఎటు తిప్పి కూడా అనకూడదు. ఆ పేటలో ఎవరి ఇంట్లోనైనా అంతే. ఏప్రిల్ మధ్యలో మొదలైన వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. ఇంకా పన్నెండు రోజులుంది.

“పిల్ల ఇంటాది,” అని మాత్రం అన్నాడు అప్పలసూరి. వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

పిల్ల వింటూనే ఉంది. పదేళ్ళ అనూరాధ పెరట్లో గూటి ముందు గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి బెల్లం డొక్క మీద ఆనించింది. ఊపిరి ఆడుతోందో లేదో చూడడానికి రోజుకి పదిసార్లు అలా చేస్తోంది.

ఏడాదిన్నర కిందటి పెద్ద తుఫాను ఆ పిల్లలో ఏదో విరిచేసింది. ఆడవాళ్ళూ పిల్లలూ తుఫాను షెల్టరులో ఉంటే, బోట్లు కట్టడానికని ఒడ్డున ఉండిపోయిన మగవాళ్ళలో అప్పలసూరి ఒకడు. మర్నాడు మధ్యాహ్నానికి గాని రాలేదు. వచ్చినవాడు దెబ్బ తగలకుండానే వచ్చాడు. కానీ ఆ తర్వాత తండ్రి వేటకి వెళ్ళినప్పుడల్లా అనూరాధ గడప మీద కూర్చుండిపోయేది. అన్నం తినేది కాదు, నిద్రపోయేది కాదు. కూర్చున్నచోటే బట్టలు తడిపేసుకునేది. విజయనగరంలో చూపిస్తే ఒంట్లో జబ్బేమీ లేదనీ, ధ్యాస మళ్ళేలా ఏదైనా పని పెట్టమనీ డాక్టరు చెప్పాడు. అప్పుడు పద్మకుమారి ఈ రెండింటినీ తెచ్చింది. విరిగిన తెప్ప చెక్కలతో అప్పలసూరి గూడు కట్టాడు. నెల తిరిగేసరికి పిల్ల గడప వదిలి గూటి దగ్గరికి చేరింది. మూడు నెలలకి నిద్రపోవడం మొదలుపెట్టింది.

అందుకే భారతికి తోడు కావాలి. కుందేలు మీద ప్రేమతో కాదు. బెల్లం కూడా పోతే పిల్ల మళ్ళీ ఆ గడప మీదికి వెళ్ళి కూర్చుంటుందని.

ఆ సాయంత్రం భారతి గూడు ఊడుస్తోంది. కుందేలు పెంటికలు మామూలుగా శనగల్లా గుండ్రంగా, గుప్పెళ్ళకొద్దీ ఉండేవి. ఇప్పుడు లెక్కపెట్టేటన్ని కూడా లేవు. అవి కూడా మిరియాల్లా ఎండిపోయి ఉన్నాయి. తాటాకు దడికి ఆనుకుని అనూరాధ చూస్తోంది.

“అమ్మా,” అంది, గొంతు బాగా తగ్గించి. “ఇవొచ్చిన కాడినుంచీ నాన్న ఏటకెల్లిన పెతిసారీ తిరిగొచ్చీసినాడు.”

భారతి చీపురు పక్కన పెట్టింది.

“రెండున్నప్పుడు వచ్చినాడు. ఒకటుంటే ఏటవుతాదో నాకు తెల్దు. ఇదీ పోతే...”

భారతి గబుక్కున పిల్ల నోటిమీద చెయ్యి పెట్టింది. పిచ్చి మాటలని తిట్టాలనుకుంది. కుందేలుకీ సముద్రానికీ ఏం సంబంధమని అడగాలనుకుంది. అరిచేతికి పిల్ల పెదవులు చల్లగా తగిలాయి. ఆ చల్లదనం మోచేతి దాకా పాకినట్టనిపించింది.

ఆ మాట అబద్ధమని భారతికి తెలుసు. అయినా మర్నాడు చీకటి విడకుండానే లేచి, మొహమైనా కడుక్కోకుండా గూటి దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళమీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టింది. డొక్క ఎగిరిపడుతోంది. బతికే ఉంది. ఆ రోజు నుంచి అదే పని. మొగుడితో చెప్పడానికి లేదు. చెబితే, అనకూడని మాట అన్నట్టే. అత్తతో అసలే లేదు.

తల్లీ కూతుళ్ళు ఆ మాట అనుకున్నప్పుడు తాటాకు దడికి అవతల తవిటమ్మ కాళ్ళు కడుక్కుంటోందని భారతికి తెలియదు.

నాలుగు రోజుల తర్వాత తవిటమ్మ విజయనగరంలో ఎండుచేపలు అమ్ముకుని మధ్యాహ్నం బస్సుకి దిగింది. నెత్తిమీద గంప దించితే, అందులో సంచి కప్పుకుని ఒక నల్లటి కుందేలు ఉంది.

“ఆడదేనని సెప్పినాడు అమ్మినోడు,” అంది, కోడలి మొహం చూడకుండా. “మూడు రోజులు నా సెవులు తినీసినావు కదా. ఇదిగో తోడు.”

భారతికి ఏడుపొచ్చినంత పనయింది. అనూరాధ దుకాణానికి వెళ్ళింది. పిల్ల వచ్చేలోగా కుందేళ్ళు రెండూ ఒకచోట మేత మేస్తూ కనబడితే ఎంత బాగుంటుందోనని ఇద్దరికీ అనిపించింది.

కోళ్ళని కలపడంలో ఆ పేటలో తవిటమ్మని మించినవాళ్ళు లేరు. కొత్త పెట్టని తెస్తే తిన్నగా మందలో వదలదు. పాతదానికీ కొత్తదానికీ ఒళ్ళంతా పొయ్యిలోని బూడిద రాస్తుంది, రెండూ ఒకే వాసన వేసేలా. రెండింటినీ ఒకే గంప కింద మూసి, పైన తడి గోనె కప్పుతుంది. చీకట్లో ఒకదాన్నొకటి చూడవు. పక్కపక్కన ఒదిగి కూర్చుంటాయి. గంప తీసేసరికి ఎప్పటినుంచో కలిసి పెరిగినట్టే ఉంటాయి. నలభై ఏళ్ళుగా ఒక్క పెట్ట కూడా పోట్లాడింది లేదు. పేటలో ఎవరు పెట్టని కొన్నా ఆవిణ్ణి పిలుచుకెళ్తారు.

బెల్లానికీ నల్లదానికీ బూడిద రాసింది. బెల్లం వణికింది గాని కదల్లేదు. రెండింటినీ గంప కింద పెట్టి మూసింది. భారతి గోనె తడిపి తెచ్చి కప్పింది. అత్తాకోడళ్ళు గంపకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకే పని మీద కూర్చోవడం అదే మొదటిసారి. తవిటమ్మ తమలపాకు మడుచుకుంది. లోపల ఏ అలికిడీ లేదు.

“సూసినావా,” అంది తవిటమ్మ.

గంప ఒక్కసారి పక్కకి జరిగింది. లోపల దబదబమని చప్పుడు. తర్వాత ఒక అరుపు.

కుందేలుకి గొంతుంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాదిపైగా పెంచుతున్నా వాటి నోటి వెంట చిన్న కూత వినలేదు. ఆ అరుపు చంటిపిల్ల గొంతు నొక్కినట్టుంది. అది గంపలోంచి వచ్చిందని భారతికి వెంటనే తట్టలేదు. అనూరాధకి ఏదో అయిందనుకుని వీధి వైపు పరుగెత్తబోయింది. ఈలోగా తవిటమ్మ గోనె విసిరేసి గంప ఎత్తింది. బూడిద, బొచ్చు, రెండు ఒళ్ళు ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతున్నాయి. ఏది ఏదో తెలియలేదు. తవిటమ్మ మధ్యలోకి ఒట్టి చెయ్యి పెట్టేసింది. ఆమె బొటనవేలు చీరుకుపోయింది. అయినా వదలకుండా నల్లదాన్ని మెడ పట్టి పైకి లాగింది.

బెల్లం ఒక చెవి సగానికి చీలి వేలాడుతోంది. డొక్క మీద తోలు లేచి లోపలి ఎరుపు కనబడుతోంది. నేలకి అంటుకుపోయి, కళ్ళు తెరుచుకుని, కదలకుండా ఉంది.

ఉప్పు పొట్లం పట్టుకుని అనూరాధ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఏడవలేదు. పొట్లం జాగ్రత్తగా గోడగూట్లో పెట్టి, గడప మీద కూర్చుంది.

భోగాపురం పశువుల ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ కుట్లు వేసి, జరిగింది విని, కోప్పడలేదు గాని తల అడ్డంగా ఊపింది. కోడి వేరు, కుందేలు వేరని చెప్పింది. తన చోటనుకున్న దాంట్లోకి పరాయిది వస్తే కుందేలు ఊరుకోదు. పారిపోవడానికి దారి లేకుండా మూసేస్తే చంపుకునేదాకా కొట్టుకుంటాయి. కలపాలంటే రెండు గూళ్ళు ఎదురెదురుగా పెట్టి, నెలల తరబడి వాసన అలవాటు చెయ్యాలి. అప్పుడైనా కలుస్తాయని నమ్మకం లేదు.

ఒక్కటే ఉంటే బతుకుతుందా అని అడిగింది భారతి. ఆ మాట అడగడానికి అంత భయం ఎందుకేసిందో డాక్టరమ్మకి అర్థమయ్యే వీలు లేదు.

“జత ఉంటేనే వాటికి బాగుంటుంది. ఒక్కటే అయితే మనుషుల మధ్య ఉండాలి. రోజులో చాలాసేపు ఎవరో ఒకరు పక్కన ఉంటే చాలావరకు బతుకుతుంది, హుషారుగానే ఉంటుంది. పెరట్లో ఒంటరిగా పెట్టి అందరూ పనులకి వెళ్ళిపోతే మాత్రం దిగులు పెట్టుకుంటుంది,” అంది ఆవిడ. “అదంతా తర్వాత. ముందు ఇది తినాలి. కుందేలు ఒక రోజంతా తినకపోతే లోపల పేగులు ఆగిపోతాయి. ఆగితే మందు లేదు.”

సిరంజిలో గరిక రసం, పలచటి గంజి ఎక్కించి గంట గంటకీ నోట్లో పట్టమంది. నల్లదాన్ని మర్నాడే తవిటమ్మ విజయనగరం తీసుకెళ్ళి, అమ్మినవాడి బుట్టలోనే తిరిగి వదిలి వచ్చింది. పేటలో విషయం తెలిసి, కోళ్ళ డాక్టరమ్మ ఇప్పుడు కుందేళ్ళ వైద్యం కూడా మొదలెట్టిందని ఎవరో ఎగతాళి చేశారు. మామూలుగా అయితే వీధి చివరిదాకా వినబడేలా జవాబు చెప్పే మనిషి, విననట్టు వచ్చేసింది.

బెల్లాన్ని ఇంట్లోకి తెచ్చి, తవిటమ్మ పడుకునే వెనకగదిలో గోనె మీద ఉంచారు. సిరంజితో పట్టిన గంజిలో సగం పెదవుల పక్కనుంచి కారిపోయేది. మొదటిరోజు గోనె మీద ఒక్క పెంటిక లేదు. భారతి గోనె ఎత్తి దులిపి చూసింది, గది మూలలు వెతికింది. రెండోరోజు ఉదయం మూడు కనబడ్డాయి. ఆ మూడింటినీ అరిచేతిలో పెట్టుకుని కిటికీ వెలుతురులో చూస్తుంటే అప్పలసూరి అటుగా వచ్చాడు.

“ఏటే అది?”

“ఏటీ నేదు,” అని గుప్పిట మూసింది.

అతను ఆ గుప్పిట వైపు చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. బోటు ఇంజను మెకానిక్ నూకయ్య బాగుచేశాడనీ, మంగళవారం రాత్రికి ఐసు ఎక్కించేస్తారనీ చెప్పి వెళ్ళిపోయాడు. మంగళవారం పద్నాలుగో తారీఖు. ఆ వెళ్ళేవాడి వీపు చూస్తూ భారతి, వెళ్ళొద్దని కేక వెయ్యాలన్న కోరికని పళ్ళ బిగువున ఆపుకుంది. ఏడాదికి రెండు నెలలు తప్ప రోజూ సముద్రం మీద ఉండే మనిషి. పన్నెండేళ్ళ కాపురంలో ఎన్నడూ అలా అనిపించలేదు. కుందేలు పెంటికలు చూసి మొగుడి ఆయుష్షు లెక్కగడుతున్నానా అనుకుంది. సిగ్గేసింది. గుప్పిట మాత్రం విప్పలేకపోయింది.

అనూరాధ గడప మీద నుంచి లేవడం లేదు. ఆ రెండు రోజులూ గదిలోకి కూడా రాలేదు. బతికే ఉందా అని కూడా అడగలేదు. అడగకపోవడమే భారతిని ఎక్కువ భయపెట్టింది.

మూడోరోజు మధ్యాహ్నం భారతి ఒడ్డు నుంచి వచ్చేసరికి వెనకగదిలోంచి మాటలు వినబడ్డాయి. తవిటమ్మ ఆ రోజు చేపలమ్మడానికి వెళ్ళలేదు. గుడ్డ కట్టిన బొటనవేలు పైకెత్తి పెట్టుకుని, గోడకి చేరబడి కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మధ్య బెల్లం ఉంది. ఎడంచేత్తో ఒక్కొక్క గరిక పోచ దాని ముక్కు దగ్గర పెడుతూ, ఎండుచేపలు కొన్న ఆడవాళ్ళు బేరంలో తనని ఎలా మోసం చేస్తారో ఒకరి తర్వాత ఒకరి గురించి దానికి చెబుతోంది. బెల్లం ముక్కు కదిలింది. పోచ చివర పట్టుకుంది. కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంది.

భారతి గుమ్మం పట్టుకుని చూసింది. తవిటమ్మ తలెత్తలేదు.

“పొద్దున్న కాడినుంచి ఇరవై పోసలు తిన్నాది. నాను లేసి ఎల్తే మానేస్తాంది. వచ్చి కూకుంటే తింతాంది.”

భారతి పక్కనే నేల మీద కూలబడింది.

“ఆ దినం మన పిల్లగుంట అన్న మాట నానూ ఇన్నాను,” అంది తవిటమ్మ, గొంతు తగ్గించి. “దడి అవతలున్నాను. ఇన్నాక కాలూ సెయ్యీ ఆడనేదు. డబ్బులెంతని కూడా అడక్కుండా కొనీసినాను దాన్ని.”

“నీకూ బయమేసిందా అత్తా?”

తవిటమ్మ ఇంకో పోచ తీసింది. ఏటంటే, అని మొదలుపెట్టింది. ముప్పయ్యారేళ్ళ కిందట మొగుడు తిరిగి రాని నెలలో, ఈ గదిలోనే ఇలాగే గోడకి మొహం పెట్టుకుని కూర్చున్నానని చెప్పింది. ఎవరో వచ్చి నోట్లో గంజి పోసేవారట. ఎవరో ఇప్పుడు గుర్తు లేదు. సంకలో పిల్లాడు ఉన్నాడు కాబట్టి లేచిందట.

“ఒక్కదాన్నే బతికినానని సెప్పినాను నీకు. బతికినాను. బాగున్నాదని అననేదు కదే.”

బెల్లం మరో పోచకి ముక్కు చాపింది.

సోమవారం బడి తెరిచారు. అనూరాధని భారతి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దింపి వచ్చింది. పిల్ల వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళింది. సాయంత్రం ఒక్కతే వచ్చి, పుస్తకాల సంచి వీపున ఉండగానే మళ్ళీ గడప మీద కూర్చుంది. తవిటమ్మ పిలిస్తే మొదటిసారిగా వెనకగది గుమ్మం దాకా వచ్చింది. చీలిన చెవి చూసి ఆగిపోయింది. అంతకన్నా లోపలికి రాలేదు.

మంగళవారం సాయంత్రం పెందరాళే అన్నాలకి కూర్చున్నారు. తెల్లవారుజామునే అప్పలసూరి బోటెక్కాలి. ఒడ్డున గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి వచ్చిన కుంకుమ అతని నుదుట ఇంకా తడిగానే ఉంది. గాలి లేదు. కెరటాల చప్పుడు ఇంట్లోకి స్పష్టంగా వినబడుతోంది. పిల్ల అన్నం కెలుకుతోంది. భారతి కంటికి ఆ కంచం, గోనె మీద వాడిపోయిన తోటకూర ఒకేలా కనబడ్డాయి.

“రేపటినుంచి బెల్లం దగ్గిర ఎవులుంటారు?” అంది అనూరాధ. వారం రోజుల్లో ఆ పేరు ఎత్తడం అదే మొదలు. “నాన్న ఏటకెల్తాడు. అమ్మ ఒడ్డుకెల్తాది. మామ్మ ఇజినారం ఎల్తాది. నాను ఇస్కూలికెల్తాను.”

అప్పలసూరి భార్య మొహం చూశాడు. ఆమె పులుసు గిన్నె అనవసరంగా అతని వైపు జరిపింది.

“ఒకటే ఉంటే బతుకుతాదా మామ్మా?” అంది పిల్ల. అడుగుతున్నది కుందేలు గురించేనా అన్నది భారతి వినదలుచుకోలేదు.

తవిటమ్మ నోట్లో ముద్ద నమిలి మింగింది.

“తెల్దు,” అంది. “ఈ పొద్దు రెండు కట్టల గరిక తిన్నాది. రేపు తింతాదో నేదో తెల్దు. మీ నాన్న సంగతీ అంతే. నా సేతిలోనూ నేదు, దాని సేతిలోనూ నేదు. తెలిసినట్టు సెప్తే అబద్దం.”

వేటకి ముందురోజు, భోజనాల దగ్గర, ఆ మాట. అప్పలసూరి కలుపుతున్న చెయ్యి ఆగింది. కానీ అనూరాధ ఏడవలేదు. ఇంతకాలం తను ఒక్కతే మోస్తున్నదాన్ని ఇంకొకరి నోట విన్నట్టు, మామ్మ మొహంలోకే చూస్తోంది.

తవిటమ్మ మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది. ఇరవయ్యారో ఏట గంప నెత్తికెత్తుకున్న మనిషి. తుఫాను మర్నాడూ, ఈ వారం బెల్లం దగ్గర కూర్చున్న రోజులూ తప్ప, జ్వరమొచ్చినా మానలేదు. విజయనగరంలో ఆమె కేకకి లేచే వీధులు మూడున్నాయి. ఆవిడ ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా, చాలా మామూలుగా చెప్పింది.

“రేపటినుంచి నాను యాపారానికెల్లను. ఇంటికాడే ఉంటాను. గుంట ఇస్కూలినుంచి వచ్చేసరికి తలుపు తెరిసుంటాది. నా వీదులు మూడూ భారతికి సూపిస్తాను, ఈలుంటే ఎల్తాది, నేకపోతే నేదు.”